పచ్చగోడ వెనక పచ్చకొండ

ఇంటి అలంకరణ గురించి వచ్చే ఏ ఫెంగ్‌షుయ్ పుస్తకం తెరిచినా ఒక పట్టిక కనిపిస్తుంది. తూర్పు దిక్కు కలపది, కలప రంగు ఆకుపచ్చ, కనుక తూర్పుగోడకు ఆకుపచ్చ వేయిస్తే ఇంటిల్లిపాదికీ ఆరోగ్యం. ఆగ్నేయం కూడా కలపదే, అక్కడ ఆకుపచ్చ ఉంచితే ధనం. నీరు చెట్టును పెంచుతుంది గనుక ఆకుపచ్చ పక్కన నలుపో నీలమో ఉండవచ్చు. లోహం చెట్టును నరుకుతుంది గనుక తెలుపునూ వెండిరంగునూ దగ్గరకు రానీయకూడదు. ఇదంతా వేల ఏళ్ళ నాటి చీనా విజ్ఞానమని వెనక అట్ట మీద రాసి ఉంటుంది.

నాకు ఇటువంటి పట్టికల మీద నమ్మకమూ లేదు, ప్రత్యేకించి పగా లేదు. కాని "వేల ఏళ్ళు" అన్న మాట ఎక్కడ కనిపించినా ఆగి లెక్క చూడాలనిపిస్తుంది. అలా చూస్తూ పోతే, గోడ మీద మొదలైన ఆకుపచ్చ చివరికి నన్ను ఒక కొండవాలు మీదికి తీసుకుపోయింది. ఆ దారిని ఈ టపాలో రాస్తున్నాను. కొంచెం పొడవే, ఓపిక చేసుకోవాలి.

ముందు దగ్గరి కాలం సంగతి. ఫెంగ్‌షుయ్‌ను గృహాలంకరణ విద్యగా ఇంగ్లీషు చదువరుల ముందుకు తెచ్చిన పుస్తకాలు చాలావరకు 1980లు, 90లలో వచ్చినవే. బీజింగ్‌లో 1932లో పుట్టి, తరువాతి జీవితంలో అమెరికాలో బోధించి, 2010లో కన్నుమూసిన లిన్ యున్ అనే గురువు ఇందులో ముఖ్యుడు. ఆయన శిష్యురాలు శారా రాస్‌బాక్ 1983లో ఒక పుస్తకం, 1987లో ఇంటి లోపలి అలంకరణ మీద మరొకటి, 1994లో గురువుగారితో కలిసి కేవలం రంగుల మీద ఇంకొకటి వెలువరించారు. లిన్ యున్ పద్ధతిలో దిక్సూచితో పని లేదు. గుమ్మంలో నిలబడి లోపలికి చూస్తే ఎడమవైపు నడిమిభాగం కుటుంబానిది, అదే వైపు దూరపు మూల ధనానిది. ఆకుపచ్చ పెట్టవలసిన చోట్లు ఇవే. ఇక్కడొక చిక్కుంది. దక్షిణం చూసే ఇంట్లో ఈ లెక్క ప్రకారం "కలప" స్థానం సరిగ్గా పడమట పడుతుంది. చీనా సంప్రదాయంలో పడమర లోహానికి చెందినది!

అదే కాలంలో మలేసియా రచయిత్రి లిలియన్ టూ రాసిన పుస్తకాలు దిక్సూచి పద్ధతివి. మన పుస్తకాల దుకాణాలలో రెండు రకాలూ ఒకే అరలో ఉంటాయి, కొనేవారు రెండింటినీ కలిపి అమలు చేస్తారు. దీనికి తోడు మన వాస్తు ఉండనే ఉంది. మన లెక్కలో ఆకుపచ్చ బుధుడిది, ఆయన ఉత్తరదిక్కుకు అధిపతి, ఆయన రత్నం పచ్చ. ఫెంగ్‌షుయ్‌లో ఉత్తరం నీటిది, దాని రంగు నలుపు. మనకు ఆగ్నేయం అగ్నిమూల, వంటగదిది. వారికి అది చెట్టూ గాలీ ఉన్న దిక్కు. నిప్పులో చెట్టు పెట్టమంటే ఎలాగని అడిగినవారు నాకింతవరకు కనబడలేదు. రెండు శాస్త్రాలవారినీ సంతోషపెట్టడానికి ఉత్తరమూ తూర్పూ ఆగ్నేయమూ మూడూ ఆకుపచ్చ చేసిన ఇల్లు మాత్రం ఒకటి చూశాను. చేపలతొట్టిలో కూర్చున్నట్టుంది.

ఇక ఆకుపచ్చ కోసం పెట్టే మొక్కల సంగతి. మనీప్లాంటు పుట్టినిల్లు పసిఫిక్ మహాసముద్రంలోని మోరేయా ద్వీపం. అదృష్టవెదురు అని ఎర్రదారం కట్టి అమ్మేది వెదురే కాదు, ఆఫ్రికాలో కామెరూన్ ప్రాంతపు మొక్క. దాని శాస్త్రీయనామం సాండర్ అనే ఐరోపా తోటమాలి వర్తకుడి పేరు మీద పెట్టినది. జేడ్ మొక్క దక్షిణాఫ్రికాది. ప్రాచీన చీనా గ్రంథకర్తలలో ఎవరూ వీటిని కంట చూసి ఉండరు. మనీప్లాంటును దొంగిలించి తెచ్చి నాటితేనే డబ్బు వస్తుందన్న షరతు మాత్రం మనవాళ్ళ మధ్య ఎప్పటినుంచో వినబడుతున్నదే.

సరే, పాత గ్రంథాలలో ఏముంది? అక్కడికి వెళ్ళేముందు ఒక మాట గురించి తేల్చుకోవాలి. పట్టికలలో ఆకుపచ్చ అని అనువదించిన చీనా మాట ఛింగ్. లేతగడ్డి ఛింగ్, నిర్మలమైన ఆకాశం ఛింగ్, కావ్యాలలో యువతి నల్లని కురులు కూడా ఛింగ్. జపానువారు ఇదే అక్షరాన్ని తీసుకుని 'ఆవో' అని చదువుకున్నారు. నేటికీ వారు రోడ్డు కూడలిలో వెలిగే ఆకుపచ్చ దీపాన్ని ఆ మాటతోనే పిలుస్తారు. ఇంగ్లీషువాడికి ఇది వింతగా తోచవచ్చు గాని తెలుగువాడికి తోచనక్కరలేదు. మనం 'పచ్చ' అంటే ఏమిటి? పచ్చగడ్డి ఆకు వన్నెది, పచ్చకామెర్లు పసుపు వన్నెవి. పెళ్ళికూతురి పచ్చని ఛాయ బంగారం, పచ్చని చేను పైరు. విడదీసి చెప్పవలసి వచ్చినప్పుడే ముందు 'ఆకు' తగిలిస్తాం. సంస్కృతం నుంచి తెచ్చుకున్న శ్యామశబ్దమూ అంతే. శ్యామసుందరుడు నల్లనివాడు, సస్యశ్యామలమైన నేల పచ్చనిది.

ఛింగ్‌తో బాటు చీనాలో మరొక మాట ఉంది, ల్యూ. కేవలం ఆకుపచ్చ అని నేడు అర్థం. క్రీ.శ. 100 ప్రాంతంలో షు షెన్ కూర్చిన నిఘంటువు ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూడదగినవిగా చూపుతుంది. ఛింగ్ తూర్పు రంగు అని చెప్పి, ఆ అక్షరంలో పుట్టుకకు సంబంధించిన అక్షరం ఇమిడి ఉందంటుంది. ల్యూకు మాత్రం దిక్కూ లేదు, దైవమూ లేదు. నీలమూ పసుపూ కలిసిన పట్టుబట్ట అని అర్థం చెప్పి ఊరుకుంటుంది. అక్షరంలో ఉన్నది కూడా పట్టుదారమే. అంటే ఒకటి మొలకకు సంబంధించిన మాట, మరొకటి అద్దకంవాడి మాట. ఆకుపచ్చ బట్ట కావాలంటే ఒకసారి నీలిమందులో ముంచి, తరువాత పసుపు ఎక్కించాలి. మన కలంకారీ పనివారికిది కొత్త సంగతి కాదు. పాత కలంకారీ బట్టలలో ఆకులు నీలంగా కనబడితే చిత్రకారుడి చాపల్యమనుకోకండి, పైన వేసిన పసుపు వెలిసిపోయి అడుగున నీలి మిగిలిందన్నమాట.

పట్టికల్లో ఆకుపచ్చకు దక్కిన గౌరవమంతా మొదటి మాటది. దాని మూలం పంచభూతాల వంటి ఐదు తత్త్వాల సిద్ధాంతం: కలప, నిప్పు, మన్ను, లోహం, నీరు. వీటికి ఐదు దిక్కులు, ఐదు రంగులు. నడిమి దిక్కుతో కలిపి ఐదు. క్రీ.పూ. 239 ప్రాంతంలో, ఛిన్ రాజ్యంలో మంత్రిగా ఉన్న ల్యూ బువెయ్ పండితుల చేత కూర్పించిన గ్రంథంలో నెలవారీ విధులున్నాయి. వీటినే తరువాత కర్మకాండ గ్రంథాలలోనూ చేర్చారు. వసంతంలో మూడు నెలలూ ప్రభువు తూర్పుమందిరంలో ఉండాలి. ఛింగ్ రంగు వస్త్రాలు, ఆ రంగు జేడ్ రాయి ధరించాలి, రథం మీద ఆ రంగు జెండా ఎగరాలి. ఎండాకాలం రాగానే దక్షిణమందిరానికి మారి ఎర్రవి కట్టాలి. శరత్తులో పడమట తెలుపు, చలికాలంలో ఉత్తరాన నలుపు.

నాకిక్కడ రెండు సంగతులు ముఖ్యమనిపించాయి. మొదటిది, ఇది గోడ రంగు కాదు, ఋతువు రంగు. మూడు నెలలు ఉండి వెళ్ళిపోవాలి. వేసవిలో పచ్చబట్ట కట్టి తూర్పున కూర్చుంటే శుభం మాట అటుంచి అది దోషమే అవుతుంది. తూర్పుగోడకు శాశ్వతంగా ఎనామెల్ వేయించి, పదేళ్ళ గ్యారంటీ కూడా తీసుకునే పద్ధతి ఈ ఆలోచనకు తలకిందులు. రెండవది, వసంతం మొదటి నెలకు చెప్పిన విధులలోనే ఒక నిషేధం ఉంది. ఆ నెలలో చెట్లు నరకరాదు. పక్షిగూళ్ళను చెరపరాదు. ప్రభువు బట్ట రంగూ, చెట్టు నరకవద్దన్న ఆజ్ఞా ఒకే చోట, ఒకే కారణం చేత వచ్చాయి. పట్టిక రాసినవారు మొదటిదాన్ని ఉంచుకుని రెండవదాన్ని వదిలేశారు.

ఇక రెండవ మాట, అద్దకంవాడి ఆకుపచ్చ. దీని చరిత్ర చదివితే, డబ్బు కోసం దీన్ని గోడలకు పూసుకునేవారు కొంచెం కలవరపడవచ్చు. పాత చీనాలో ఐదు రంగులే శుద్ధవర్ణాలు, ఆకుపచ్చ రెండు కలిసిన సంకరవర్ణం. షి జింగ్ అనే ప్రాచీన కవితాసంకలనంలో ఆకుపచ్చ పైబట్ట గురించి ఒక పాట ఉంది. పసుపు వంటి శుద్ధవర్ణం లోపలికి పోయి సంకరవర్ణం పైకి రావడమంటే, ధర్మపత్నిని వెనక్కు నెట్టి ఉపపత్ని ముందుకు రావడమేనని వ్యాఖ్యాతలు దానికి అర్థం చెప్పారు. తాంగ్ వంశకాలంలో ఉద్యోగుల దుస్తులకు రంగులు నిర్ణయించినప్పుడు ఊదా, ఎరుపు పైవారికి, ఆకుపచ్చ ఆరు, ఏడు తరగతుల చిన్న ఉద్యోగులకు దక్కాయి. అంతకన్న అడుగున ఉన్నవారిది ఛింగ్. మహాకవి బై జూయీ 815లో రాజధానికి దూరంగా చిన్న పదవికి పంపబడ్డాడు. మరుసటి ఏడు రాసిన వీణాగాన కావ్యం చివర ఆయన కన్నీటితో తడిసిన అంగీ ఆ రంగుదే. ఆ రంగు పేరు వింటేనే ఆనాటి చదువరికి కవి ఎంత కిందికి జారాడో తెలిసిపోయేది.

యువాన్, మింగ్ వంశాల కాలంలో సంగతి మరీ దిగజారింది. వేశ్యావృత్తిలో ఉన్న ఇళ్ళ మగవారు తలకు ఫలానా రంగు గుడ్డ కట్టుకోవాలని శాసనాలు వచ్చాయి. మొదట ఛింగ్ అన్నారు, మింగ్ కాలానికి అది ఆకుపచ్చ అయింది. చీనాలో నేటికీ ఆకుపచ్చ టోపీ పెట్టుకున్నాడంటే భార్య మోసం చేసిన మగవాడని అర్థం. అక్కడివారికి తెలియక ఆ రంగు టోపీలు కానుకగా పంచే విదేశీయులను చూసి వారు నవ్వుకుంటారు, లేదా నొచ్చుకుంటారు.

అయితే కట్టడాల మీద ఈ రంగుకు కొంత పరువు మిగిలింది. బీజింగ్ రాజప్రాసాదంలో చక్రవర్తి మందిరాల కప్పులన్నీ పసుపు పెంకులవి. తూర్పుభాగంలో రాకుమారుల కోసం 18వ శతాబ్దంలో కట్టిన నివాసాల కప్పులు మాత్రం ఆకుపచ్చవి. తూర్పు, వసంతం, ఎదిగే వయసు అన్న వరుస. 1776లో పూర్తయిన గ్రంథాలయానికి నల్లపెంకులు కప్పి అంచులకు ఆకుపచ్చ వేశారు. నలుపు నీటి రంగు, పుస్తకాలకు నిప్పు అంటకూడదని. ఎంత చక్రవర్తి గ్రంథాలయమైనా భయం భయమే కదా. దేవాలయాల కప్పుల గురించీ చాలా చెప్పవచ్చు గాని మన దారి అది కాదు.

ఇంతకీ ఇవన్నీ రాజుల రంగులు, కర్మకాండ రంగులు. అసలు ఫెంగ్‌షుయ్ ఏమంటుంది? ఆ మాటకర్థం గాలి, నీరు. గువో పు (276-324) పేరిట ప్రచారంలో ఉన్న ఖననశాస్త్ర గ్రంథం ఈ విద్యకు మూలగ్రంథాలలో ఒకటి. పేరే చెబుతున్నట్టు అది సమాధుల గురించి. పడకగది గురించి కాదు. ప్రాణశక్తి గాలికి చెదిరిపోతుందని, నీటి దగ్గర నిలుస్తుందని దాని సిద్ధాంతం. ఎడమవైపు కొండలు ఛింగ్ రంగు డ్రాగన్, కుడివైపువి తెల్లపులి. సమాధికి పనికిరాని ఐదు రకాల కొండలను చెబుతూ అది మొదట తిరస్కరించినది బోడికొండను. చెట్టూ చేమా లేని కొండలో ప్రాణం కుదురుకోదట.

అలంకరణ పుస్తకాలలో ఎక్కడా కనబడని ఆకుపచ్చ ఇదే. ఇది రంగుడబ్బాలో దొరికేది కాదు, వెనక కొండ మీద నిలిచి ఉండవలసిన అడవి. దక్షిణచీనా పల్లెలవారు ఈ మాటను అక్షరాలా పాటించారు. ఊరికి వెనక కొండవాలు, ముందు వరిమడులో చెరువో, మధ్య ఇళ్ళు. ఆ వెనక వాలు మీద అర్ధచంద్రాకారంలో అడవిని వదిలేవారు. దాన్నే ఫెంగ్‌షుయ్ వనమంటారు. అందులో గొడ్డలి పెట్టకూడదు, రాలిన పుల్లలు ఏరుకోవచ్చు. అంచుల్లో వెదురు, పండ్లచెట్లు నాటుకోవచ్చు. నరికితే ఊరి ప్రాణం పోతుందని నమ్మకం. ఆ నమ్మకాన్ని పక్కన పెట్టి చూసినా లెక్క తప్పేమీ లేదు. తుఫానువానలకు కొండచరియ జారి ఇళ్ళ మీద పడకుండా వేళ్ళు పట్టి ఉంచుతాయి. చలికాలపు ఉత్తరపుగాలిని చెట్లు ఆపుతాయి. ఊటనీరు నిలుస్తుంది.

హాంగ్‌కాంగ్‌లో ఇటువంటి వనాలు నేటికీ వందకు పైగా ఉన్నాయి. 19వ శతాబ్దంలో ఇంగ్లీషువారు వచ్చేనాటికి చుట్టుపక్కల కొండలు చాలావరకు వంటచెరకుకు బోడివైపోయి ఉన్నాయి. 1941 నుంచి 1945 దాకా సాగిన జపాను ఆక్రమణలో మిగిలిన చెట్లు కూడా పొయ్యిలోకి పోయాయి. అంత కష్టకాలంలోనూ చాలా పల్లెలు తమ వనాన్ని కాపాడుకున్నాయి. చలికి వణుకుతూ, ఇంటి వెనకే అంత కట్టె పెట్టుకుని చేయి వేయని మనుషులను తలచుకుంటే, మూఢనమ్మకమన్న మాట నా నోటికి తొందరగా రాదు. చీనా ప్రధానభూభాగంలో కథ వేరు. 1949 తరువాత ఫెంగ్‌షుయ్ భూస్వామ్యకాలపు మూఢత్వమని ముద్రపడింది. 1958లో ఊరూరా ఉక్కు కరిగించాలన్న ఉద్యమం వచ్చినప్పుడు పెరటి కొలిమిలకు కట్టె కావలసివచ్చింది, ఎన్నో ఊళ్ళ వెనక వనాలు బొగ్గయ్యాయి.

మేముండే అపార్ట్‌మెంటు ఆవరణలో ఈశాన్యాన ఒక వేపచెట్టు ఉండేది. ఆ మూల బరువు ఉండకూడదని సలహాదారు చెబితే సంఘంవారు కొట్టించారు. ఆ ఏడే మెట్ల దగ్గర గోడకు లేతాకుపచ్చ రంగు వేయించి, కింద అదృష్టవెదురు కుండీ పెట్టించారు. నేనా సమావేశంలో చెట్టు తరఫున మాట్లాడాను. ఓటింగులో నలుగురం మిగిలాం. గువో పు పేరు అక్కడ ఎత్తి ఉంటే ఏమైనా లాభం ఉండేదా అంటే, ఉండేది కాదనే అనుకుంటాను. గోడకు రంగు వేయడానికి రెండు రోజులు, చెట్టు కొట్టడానికి ఒక పూట పట్టాయి.

హాంగ్‌కాంగ్ వనాల దగ్గరికే వద్దాం, ఒకటి రెండు సంగతులు మిగిలాయి. ఈశాన్యపు అంచున లాయ్ చీ వో అనే హక్కా పల్లె ఉంది, మూడువందల ఏళ్ళకు పైబడినది. 20వ శతాబ్దం రెండవ భాగంలో ఊరివారిలో చాలామంది బ్రిటన్‌కు వలసపోయారు, పొలాలు బీడుపడ్డాయి, ఇళ్ళకు తాళాలు పడ్డాయి. వెనకనున్న వనం మాత్రం అలాగే ఉంది. 1979లో ప్రభుత్వం ఊరి సముద్రతీరాన్ని శాస్త్రీయ ప్రాధాన్యం గల స్థలంగా ప్రకటించింది. జీవశాస్త్రజ్ఞులకు ఈ వనాలు ఇప్పుడు పాత అడవి ఎలా ఉండేదో చూపే నమూనాలు. చుట్టూ మళ్ళీ మొలుస్తున్న అడవికి విత్తనాలు వీటినుంచే పోతున్నాయి.

ఈ వనాలలో దొరికే చెట్లలో అగరు ఒకటి. మన ఈశాన్య రాష్ట్రాలలో పెరిగే అగరుచెట్టుకు దగ్గరి చుట్టం. హాంగ్‌కాంగ్ అంటే సుగంధాల రేవు. ఒకప్పుడు అక్కడినుంచి సాగిన ఈ అగరు వ్యాపారం వల్లనే ఆ పేరు వచ్చిందని చెబుతారు. అగరుచెట్టుకు గాయమైతేనే లోపల పరిమళపు జిగురు కడుతుంది. 2000ల నుంచీ అగరు ధర విపరీతంగా పెరగడంతో దొంగలు కొండలెక్కారు. కాండానికి గాట్లు పెట్టి కొన్నాళ్ళకు తిరిగివచ్చి చెక్కుకుపోతారు, తొందరైతే మొత్తం నరికేస్తారు. ఊరివాళ్ళను శతాబ్దాలపాటు ఆపిన నమ్మకం పరాయివారిని ఆపలేదు. ఇప్పుడు అటవీసిబ్బంది గస్తీ తిరుగుతున్నారు. ముఖ్యమైన చెట్ల కాండాలకు ఇనుపజాలీలు బిగించారు. 2009 నుంచి ఏటా వేలసంఖ్యలో అగరుమొక్కలు నాటుతూ వచ్చారు.